పడవకి ఒడ్డు కరెంటు: ఏ ప్లగ్గు కొనాలంటే

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. పడవ నీ చేతికొచ్చిందని చదివి ఎంత సంతోషమేసిందో! రంగులూ ఇంజనూ కబుర్లు పక్కనపెట్టి, ముందుగా ఒడ్డు నుంచి కరెంటు ఎలా తెచ్చుకోవాలని అడిగావు చూడు, అది ఇంకా నచ్చింది. "ఇంట్లో వాడే మూడు పిన్నుల ప్లగ్గే పెట్టి, వాన పడకుండా పైన ఓ ప్లాస్టిక్ డబ్బా బిగిస్తే సరిపోదా?" అన్నావు. సరిపోదురా. ఎందుకు సరిపోదో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి. తీరిగ్గా కూర్చుని చదువు.

ఇంటి ప్లగ్గు కదలని గోడ కోసం తయారైంది. పడవ ఒక్క నిమిషం కూడా ఊరుకోదు. అల వచ్చినా, గాలి తోసినా, పోటుకి లేచినా, పాటుకి దిగినా కేబుల్ లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడంతా ప్లగ్గు మీదే పడుతుంది. ఇంటి ప్లగ్గుని సాకెట్‌లో పట్టి ఉంచేది లోపలి స్ప్రింగు బిగువు మాత్రమే. రోజూ కొంచెం కొంచెంగా బయటికి జారి, సగం కాంటాక్టుతో వేలాడుతుంది. డబ్బా వానని ఆపుతుందేమోగానీ దీన్ని ఆపదు. పైగా ఆ డబ్బాకి కేబుల్ దూరే కంత ఒకటుంటుంది కదా, ఉప్పుగాలి దానిలోంచి హాయిగా లోపలికి పోతుంది.

నువ్వు కొనాల్సింది నీలం రంగు గుండ్రటి ఇండస్ట్రియల్ ప్లగ్గు. దాని ప్రమాణం ఐఈసీ 60309. ఈ కుటుంబంలో రంగు చూస్తే వోల్టేజీ తెలుస్తుంది: పసుపు 110 వోల్టుల తరగతికి, నీలం 230కి, ఎరుపు 400 వోల్టుల త్రీఫేజ్‌కి. పడవలకి మామూలుగా కావాల్సింది నీలం, 16 ఆంపులు, రెండు పిన్నులూ ఒక ఎర్తూ. పెద్ద పడవలకి 32 ఆంపులది ఉంటుంది, దాని సైజే వేరు కాబట్టి ఒకటి ఇంకోదానిలో దూరదు. ఈ డిజైనులో నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. ఎర్త్ పిన్ను ఎక్కడుండాలన్నది గడియారం ముల్లు లెక్కన నిర్ణయించారు. సాకెట్‌ని ఎదురుగా చూస్తే, నీలం దానికి ఎర్త్ ఆరు గంటల చోట, అంటే సరిగ్గా కింద గాడి దగ్గర ఉంటుంది. పసుపు దానికి నాలుగు గంటల చోట. అందుకని చీకట్లో, తొందరలో, చెయ్యి వణుకుతున్నా 110 ప్లగ్గుని 230 సాకెట్‌లో దూర్చలేవు. ఎర్త్ పిన్ను మిగతా రెంటికంటే లావుగా కూడా ఉంటుంది, పెట్టేటప్పుడు ముందు అదే తగులుతుంది, తీసేటప్పుడు చివర అదే వదులుతుంది. మనిషి ప్రాణం గురించి ఆలోచించి గీసిన బొమ్మ అది.

అమెరికా వైపు రేవుల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ 30 ఆంపుల 125 వోల్టుల, మెలితిప్పి బిగించే రకం ఎక్కువ. కాబట్టి కొనేముందు నీ రేవు గట్టు మీద ఏ సాకెట్ ఉందో కళ్ళారా చూసుకో.

ఇక నువ్వు అడిగిన అసలు మాట, "వాటర్‌ప్రూఫ్". ఐపీ 44, ఐపీ 67 అని రెండు రకాలు కనిపిస్తాయి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 44 అంటే ఏ వైపు నుంచి నీళ్ళు చిలకరించినా తట్టుకుంటుంది. 67 అంటే దుమ్ము అస్సలు దూరదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా లోపల తడవదు. వినడానికి రెండోదే గొప్పగా ఉంటుంది. కానీ ఆ అంకె వెనక షరతులున్నాయిరా, వాటిని ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో వెయ్యరు.

67 అనేది ప్లగ్గూ సాకెట్టూ రెండూ 67 రకమే అయి, రెంటినీ కలిపి, ఈ రకానికి ఉండే మెలితిప్పే రింగుని చివరిదాకా బిగిస్తేనే. నీ ప్లగ్గు 67 అయినా గట్టు మీది సాకెట్ 44 అయితే, ఆ జంటకి దక్కేది 44 మాత్రమే. రింగు సగమే తిప్పి వదిలేస్తే అది కూడా దక్కదు. ఇంకో సంగతి, చాలామందికి తట్టనిది: 67లో ఆ 7 మునకకి సంబంధించింది, జోరుగా కొట్టే నీటికి కాదు. డెక్ కడిగేటప్పుడు పైపు పెట్టి గట్టిగా కొడతావు కదా, దానికి తట్టుకోవాలంటే 66 అనే అంకె విడిగా రాసి ఉండాలి. అందుకే మంచి వాటిమీద 66/67 అని రెండూ వేసి ఉంటాయి. నీ పడవ వైపు బిగించే దానికి నేనైతే అదే తీసుకుంటాను.

ఇంతా చెప్పి ఇప్పుడు నేను గట్టిగా నమ్మేది చెబుతాను. ఈ కనెక్టర్లని ఎక్కువగా పాడుచేసేది వేడి. నీరు మొదలుపెడుతుంది, వేడి ముగిస్తుంది. ఉప్పు తడి తగిలి పిన్ను మీద పచ్చగానో తెల్లగానో పొర పడుతుంది, సాకెట్ లోపలి స్ప్రింగు నీరసిస్తుంది, స్క్రూ కొంచెం వదులవుతుంది. దాంతో ఆ కాంటాక్టులో రెసిస్టెన్స్ పెరుగుతుంది. లెక్క వేసి చూడు. ఆ చోట రెసిస్టెన్స్ ఓమ్‌లో పదో వంతు ఉందనుకో. నువ్వు బ్యాటరీ చార్జర్ ఒక్కటే నడుపుతున్నావు, 3 ఆంపులు. అక్కడ పుట్టే వేడి ఒక వాట్ కూడా ఉండదు. నెలలు గడిచినా నీకు అనుమానమే రాదు. ఒక చలి రాత్రి 2000 వాట్ల హీటర్ వేశావు, దాదాపు 9 ఆంపులు, అక్కడి వేడి సుమారు 8 వాట్లకి పెరిగింది. హీటర్ నడుస్తుండగా కెటిల్ కూడా పెట్టి 16 ఆంపులకి చేరావంటే, 25 వాట్లు దాటింది. చిన్న సోల్డరింగ్ ఐరన్ తీసుకునే కరెంటంత వేడి, గాలాడని ప్లాస్టిక్ బుడ్డిలో, నువ్వు నిద్రపోతున్నప్పుడు! ఆంపులు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది మరి. అప్పుడు బ్రేకర్ కాపాడుతుందనుకోకు. 16 ఆంపులు దాటలేదు కాబట్టి దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

అందుకని షాపులో ప్లగ్గు చేతిలోకి తీసుకున్నప్పుడు పై రబ్బరు కంటే ముందు లోపల చూడు. విప్పి చూపించమని మొహమాటపడకుండా అడుగు. పిన్నులు నికెల్ పూత ఉన్న ఇత్తడివేనా? వైరు దూర్చే చోట స్క్రూ నేరుగా వైరు మీదికి దిగి పోగుల్ని నలుపుతోందా, లేక మధ్యలో చిన్న పలక నొక్కుతోందా? పలక ఉన్నదే మేలు. సన్నపోగుల వైరు కొసకి పిన్ లగ్గు, అంటే చిన్న లోహపు తొడుగు, పనిముట్టుతో నొక్కి (క్రింప్ చేసి) బిగించు. కొందరు పోగులన్నీ కలిసుంటాయని కొసకి టంకం వేస్తారు, అది మాత్రం వద్దు. టంకం మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి మెల్లమెల్లగా అణిగిపోతుంది. ఈరోజు గట్టిగా ఉన్న స్క్రూ కొన్నాళ్ళకి వదులవుతుంది, మళ్ళీ ఆ వేడి కథే.

కేబుల్ సంగతీ ఇక్కడే చెప్పెయ్యాలి. ఇంట్లో వాడే తెల్ల పీవీసీ వైరు ఎండకి పెళుసెక్కుతుంది, చలికి బిగుసుకుపోతుంది. నీకు కావాల్సింది నల్లటి రబ్బరు తొడుగు కేబుల్, దాని ఒంటిమీద హెచ్07ఆర్‌ఎన్-ఎఫ్ అని ముద్ర ఉంటుంది. 16 ఆంపులకి మూడు వైర్లు, ఒక్కొక్కటి 2.5 చదరపు మి.మీ. ప్లగ్గు వెనక కేబుల్ దూరే గ్లాండ్ ఉంటుంది చూడు, అది ఎంత లావు కేబుల్ దాకా పట్టుకుంటుందో రాసి ఉంటుంది. నీ కేబుల్ ఆ కొలతలోపే ఉండాలి. గ్లాండ్ బిగించాక పై తొడుగుని పట్టుకుని లాగితే లోపలి వైర్లు కదలకూడదు. తొడుగు గ్లాండ్‌లోంచి జారి బయటికొచ్చి, మూడు రంగుల వైర్లు బయటపడి ఉన్న ప్లగ్గులు ఏ రేవులోనైనా కనిపిస్తాయి. ముందువైపు 67 ముద్ర మెరుస్తూనే ఉంటుంది, వెనకనుంచి నీళ్ళు పోతూ ఉంటాయి.

కేబుల్ ఒకే ముక్కగా ఉండాలి. రెండు ముక్కలు కలిపి, ఆ కలిపిన చోటు నీళ్ళమీద వేలాడటమో, గట్టు మీద గుంటలో పడి ఉండటమో ఊహించను కూడా ఊహించలేను. చక్రానికి చుట్టిన కేబుల్ అయితే మొత్తం విప్పి వాడు, చుట్ట మధ్యలో వేడి పోయే దారి ఉండదు. ప్లగ్గు దగ్గరికి వచ్చేముందు కేబుల్‌ని కాస్త కిందికి వేలాడనిచ్చి మళ్ళీ పైకి తీసుకెళ్ళు. దానిమీద జారే వాన నీరు కింది మలుపులో చుక్కలుగా రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఆ లాగుడు ప్లగ్గుదాకా రాకుండా కేబుల్‌ని మధ్యలో ఒకచోట తాడుతో కట్టెయ్.

పడవ వైపు బిగించేదాన్ని ఇన్‌లెట్ అంటారు. దానికి పిన్నులుంటాయి, అంటే మేల్. కేబుల్‌కి పడవ వైపు కొస ఫిమేల్, ఒడ్డు వైపు కొస మేల్. ఇది ఎప్పుడూ తలకిందులు కాకూడదు. కరెంటు ఎటు నుంచి వస్తుందో ఆ వైపు పిన్నులు బయటికి కనిపించకూడదు, అంతే సూత్రం. రెండు కొసలకీ మేల్ పెట్టిన కేబుల్ ఎవరైనా ఇస్తే, దాన్ని అక్కడికక్కడే కోసి పారెయ్. ఇన్‌లెట్‌ని డెక్ మీద చదునుగా పెట్టకు, కాలూ తగులుతుంది, నీళ్ళూ నిలుస్తాయి. క్యాబిన్ పక్క గోడకి, వీలైతే వెనకవైపుకి తిరిగి ఉండేలా, మూత పైనుంచి కిందికి పడేలా పెట్టు. కేబుల్ తీసేశాక తడి తుడిచి ఆరనిచ్చి అప్పుడు మూత బిగించు. గట్టిగా మూసుకునే మూత తడిని బయటే కాదు, లోపల కూడా ఆపేస్తుంది. రబ్బరు రింగుకి అప్పుడప్పుడు సిలికాన్ గ్రీజు రాయి. వ్యాజలీన్ వద్దు, పెట్రోలియం సరుకు కొన్ని రబ్బర్లని ఉబ్బిస్తుంది.

పెట్టే వరస కూడా గుర్తుంచుకో. పడవలో మెయిన్ బ్రేకర్ ఆపి, ముందు పడవ వైపు కొస పెట్టు, తర్వాత ఒడ్డు వైపుది. తీసేటప్పుడు ముందు ఒడ్డుది. అలా చేస్తే కరెంటున్న కేబుల్ కొసని చేత్తో పట్టుకుని గట్టుకీ పడవకీ మధ్య అడుగెయ్యాల్సిన పని ఉండదు.

32 నుంచి 16కి మార్చే అడాప్టర్ ఉంది కదా అని అడిగావు. దొరుకుతుంది. కానీ ఆలోచించు: గట్టు మీది బ్రేకర్ 32 దగ్గరే పడిపోతుంది, నీ కేబుల్ 16కి తగ్గది. నీ పడవలోని బ్రేకర్ దాని తర్వాత ఉన్నవాటినే కాపాడుతుంది, గట్టు నుంచి ఇన్‌లెట్ దాకా ఉన్న కేబుల్‌ని కాపాడేది ఎవరు? అందుకని అడాప్టర్‌లోనే 16 ఆంపుల బ్రేకర్ ఉన్నదైతేనే తీసుకో.

ఇక్కడ రెండు ముక్కలు గంభీరంగా చెబుతాను. పడవలో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, తప్పకుండా పెట్టించు, టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడు. నీ పడవ ఉండేది మంచినీళ్ళలోనా ఉప్పునీళ్ళలోనా రాయలేదు. మంచినీళ్ళలో అయితే ఇంకా జాగ్రత్త. ఉప్పునీళ్ళలో కరెంటు చాలావరకు మనిషి చుట్టూ నీళ్ళలోంచే పోతుంది. మంచినీటి కంటే మన ఒళ్ళు కరెంటుని బాగా మోస్తుంది, అందుకని లీకైన కరెంటు ఒంట్లోంచి దారి తీస్తుంది. కండరాలు పట్టేసి, అరవలేక మునిగిపోతారు. కాబట్టి కరెంటున్న రేవులో ఈత వద్దు. పిల్లలకి మరీ మరీ చెప్పు.

రెండోది ఎర్త్ గురించి. ఒడ్డు ఎర్త్ వైరు వల్ల నీ పడవ కింది లోహం పక్క పడవల లోహంతో కలిసిపోతుంది. నీళ్ళలో అది బ్యాటరీలా పనిచేసి నీ జింకు అనోడ్లని, అంటే మిగతా లోహం బదులు తాము అరిగిపోవడానికి పడవ కింద బిగించే జింకు ముక్కల్ని, తొందరగా తినేస్తుంది. ఎర్త్ తీసేస్తే పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకు, అది ప్రాణం మీదికి తెస్తుంది. గాల్వానిక్ ఐసొలేటర్ అని ఒకటుంటుంది, అందులోని డయోడ్లు ఆ చిన్న వోల్టేజీని ఆపి, నిజమైన ఫాల్ట్ కరెంటుని పోనిస్తాయి. అది ఇన్‌లెట్ వెనకే వెయ్యాలి. ఇన్‌లెట్ బిగించే రోజునే దానికీ చోటు చూసుకుంటే మళ్ళీ ప్యానెల్ విప్పక్కర్లేదు.

బిగించాక మొదటిసారి హీటర్ వేసి గంట నడిపి, ఆపి, ఒడ్డు వైపు ప్లగ్గు తీసి, పిన్నులు చేత్తో తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, ఒక పిన్ను మిగతావాటికంటే రంగు మారి ఉంటే, ఆ చోటు వదులుగా ఉన్నట్టే. ఆ తర్వాత కూడా నెలకోసారి అలా చూస్తూ ఉండు.

గట్టు మీది సాకెట్ ఫోటో, దానిమీద రాసిన ఆంపులూ ఐపీ అంకే కనిపించేలా తీసి పంపు. ఇన్‌లెట్ ఎక్కడ పెట్టాలనుకుంటున్నావో ఆ గోడది కూడా. అవి చూశాక ఏది కొనాలో ఖాయంగా రాస్తాను. అప్పటిదాకా ఆ మూడు పిన్నుల ప్లగ్గుతో లాగకు.

ఉంటాను రా.