పారేసే స్లైడ్లు మా పిల్లలకివ్వండి: ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను రాయగడ జిల్లాలో పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పదకొండేళ్లుగా ఈ ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోనే ఒక విశ్వవిద్యాలయంలో మలేరియా వ్యాప్తి గురించి పాఠాలు చెబుతున్నాను. ఇదే సంగతి మీ శాఖకు ఒడియాలో మూడుసార్లు, ఇంగ్లీషులో రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. ఐదు రసీదులూ ఉన్నాయి, ఒక్క జవాబూ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా, ఇంటి భాషలో రాస్తున్నాను.

నేను అడిగింది డబ్బు కాదండీ. భవనం కాదు, పోస్టు కాదు. ఆరోగ్య కేంద్రాల్లో తనిఖీ అయిపోయాక పారేసే రక్తపూత స్లైడ్లు, అంటే మలేరియా పరీక్షకు రక్తపు చుక్క పూసిన గాజుముక్కలు. రోగి పేరూ ఊరూ చెరిపేసే ఇవ్వండి.

నా దగ్గరున్నవి పద్నాలుగు స్లైడ్లు. పరిశోధన రోజుల్లో కాశీపూర్ వైపు పల్లెలు తిరిగి చేసుకున్నవి. రంగు వెలిసిపోయింది. ఏ స్లైడులో ఏ రకం మలేరియా పరాన్నజీవి ఉందో, ఫాల్సిపారమో వైవాక్సో, పిల్లలకు గాజు మీది గుర్తుల్ని బట్టి తెలిసిపోతుంది. "సార్, మూల విరిగింది ఫాల్సిపారం, మసక మరక ఉన్నది వైవాక్స్" అంటారు, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టకుండానే. కిందటేడు ప్రాక్టికల్ పరీక్షకూ అవే పెట్టాను. అందరూ సరిగ్గానే రాశారు. మార్కులు వేస్తుంటే నాకు చెయ్యాడలేదు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు గుణుపురం వైపు ల్యాబ్ పనిలో ఉంది. మొన్న వానాకాలంలో రాత్రి ఫోన్ చేసింది. మందు పూర్తిగా వేసుకున్న ఆరేళ్ల బాబుకు పదిహేను రోజులకు మళ్లీ చలిజ్వరం. రక్తపు చుక్కతో అక్కడికక్కడే మలేరియా చూసే పరీక్ష కిట్టు మీద గీత వచ్చింది, అంటే మలేరియా ఉందని. పరాన్నజీవి చచ్చాక కూడా దాని ప్రోటీను రక్తంలో వారాల తరబడి ఉంటుంది కాబట్టి ఆ గీత పాత జ్వరందా, కొత్తదా అన్నది కిట్టు చెప్పదు. స్లైడే చెప్పాలి. "పూత వేశాను సార్, రింగుల్లా ఉన్నాయి, పరాన్నజీవేమో, రంగు మచ్చలేమో కూడా, నా కన్ను మీద నాకే నమ్మకం లేదు" అంది. బాబును జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లారు, బతికాడు. కానీ ఆ అమ్మాయి కంటికి ఆ నమ్మకం ఇవ్వాల్సింది నేను. పద్నాలుగు వెలిసిన గాజుముక్కలతో ఎలా ఇవ్వను?

మారుమూల పల్లెల్లో మలేరియాను తగ్గించడానికి మన రాష్ట్రం నడిపే దామన్ కార్యక్రమాన్ని నేను తక్కువ చేయడం లేదు. జ్వరం లేనివాళ్లకూ పరీక్ష చేసి, కొండెక్కి దోమతెరలు పంచిన ఆశా కార్యకర్తలకు దండం పెడతాను. 2016లో నాలుగు లక్షలు దాటిన కేసులు 2019కి నలభై వేలలోపుకు దిగాయంటే వాళ్ల కష్టమే. కానీ కేసులు తగ్గేకొద్దీ పరాన్నజీవిని కళ్లారా చూసినవాళ్లూ తగ్గిపోతున్నారు. 2023లో కేసులు మళ్లీ పెరిగాయి. పెరిగిన కేసుల వెంట, చూసే కళ్లు వాటంతటవే పెరగవు కదా. పైగా మన దామన్ శిబిరాల్లో వాడే కిట్టు ఫాల్సిపారం, వైవాక్స్ అనే రెండు రకాలకే. మూడోది, ప్లాస్మోడియం మలేరియే, ఒడిశాలో ఉన్నట్టు పరిశోధకులు ఎప్పుడో చూపారు. ఆ కిట్టులో దానికి గీతే లేదు.

రెండేళ్ల కిందట ఆగస్టు 20న, దోమల దినం నాడు, మీ శాఖ అధికారి ఒకరు మా విభాగానికి అతిథిగా వచ్చారు. 1897లో అదే రోజున సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఏం చూశాడో చక్కగా చెప్పారు. వేదిక మీద నుంచే "నెలలో స్లైడ్లు పంపిస్తాం, శిబిరాలకు మీ పిల్లల్ని తీసుకెళ్తాం" అన్నారు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పై నెల వెళితే ఫైలు భువనేశ్వర్ వెళ్లిందన్నారు. ఆ పై నెల జిల్లాకు తిరిగొచ్చిందన్నారు. తర్వాత ఆ అధికారే బదిలీ అయ్యారు. ఆరోజు చప్పట్లు కొట్టిన బ్యాచ్ చదువు ముగించుకుని వెళ్లిపోయింది. వాళ్లలో పార్వతీపురం, సాలూరు మన్యం నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు. అక్కడి వాగుల్లో పెరిగే దోమ, ఇక్కడి వాగుల్లో పెరిగే దోమ ఒకటే. కూలికి అటూ ఇటూ తిరిగేవాళ్ల రక్తంలో జ్వరం హద్దురాయి దగ్గర ఆగదు.

అయ్యా, 2030కల్లా మలేరియాను నిర్మూలించాలని దేశం పెట్టుకున్న గడువు మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. స్లైడ్లివ్వండి. శిబిరాలకు రానివ్వండి. కుదరదంటే కుదరదని ఒక్క కాగితమైనా పంపండి, నేను వేరే దారి వెతుక్కుంటాను.

జనవరిలో కొత్త సెమిస్టరు. స్లైడు పెట్టెలు మేమే కొనుక్కుంటాం, ఏ ఆరోగ్య కేంద్రానికి రమ్మంటే అక్కడికి నేనే బస్సెక్కి వచ్చి తెచ్చుకుంటాను.

ఇట్లు,
రాయగడ జిల్లాకు చెందిన ఒక అధ్యాపకుడు