కపిలతీర్థం దగ్గర సుద్దముక్కతో ఆదుకున్న పెద్దాయనకు కృతజ్ఞతలు

ఈ వేసవిలో ఒక సాయంత్రం తిరుపతిలో కపిలతీర్థం సమీపాన, చెట్టు కింది అరుగు మీద వయొలిన్‌తో కుస్తీ పడుతున్న నాకు సాయం చేసి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను.

సొంతంగా స్వరాలు కట్టుకోవడానికి నాకు ఇల్లు ఎన్నడూ అచ్చిరాలేదు. వానలకు శేషాచలం మీది నుంచి దూకే జలపాతం, ఎండలకు ధార సన్నబడి హోరు తగ్గినప్పుడు, ఆ అరుగు రాతకు మరింత అనువుగా ఉంటుంది. అయితే ఆ ఎండకే తీగలను బిగించే కొయ్య బిరడలు కుంచించుకుపోయి, షడ్జమం, పంచమం (స, ప) తీగల శ్రుతి పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. మోహన రాగంలో మొదలుపెట్టిన జతిస్వరం (మాటలు లేని స్వర రచన) రెండో చరణం దగ్గర ఆగిపోయింది.

అయ్యా, మీరు చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, బిరడను పూర్తిగా ఊడదీసి, తీగ చుట్టే చోటు వదిలి, రంధ్రాల ఒరిపిడికి నునుపెక్కిన రెండు వలయాల మీద మాత్రమే పల్చగా రాసి, లోపలికి నొక్కుతూ తిప్పారు. జేబులో సుద్ద ఎందుకుందో నేను అడగనే లేదు, బడిపంతులు కాబోలు. శ్రుతి నిలిచింది. అప్పుడే బస్సు టికెట్టు వెనక రాసుకున్న ‘గపదస’ స్వరాలతో ఆ చరణం పూర్తయింది.

మీకు వినిపించాలని ప్రతి శనివారం అక్కడే కూర్చుంటున్నాను.