కీళ్లవాతం మాత్రతో పాటు నాలుగు మాటలు కూడా చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర, చిన్న జెరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. పోయిన వారం ఒకావిడ మీ పేపర్ పట్టుకొచ్చి అందులో యాడ్ కింద ఉన్న ఫోన్ నంబర్ పెద్ద అక్షరాల్లో రాసిమ్మంది, కళ్లు ఆనట్లేదట. ఏంటా అని చూస్తే కీళ్లవాతానికి ఏదో పొడి, కోర్సు వాడితే జన్మలో మళ్లీ రాదు, ఇంగ్లిష్ మందులు ఆపేయొచ్చు అనే టైపు. ఆవిడ వేళ్లు చూశాను, కణుపుల దగ్గర ఉబ్బిపోయి అచ్చం మా అమ్మ చేతుల్లా ఉన్నాయి. వద్దు పిన్నీ ఇది అన్నాను. నువ్వేమైనా డాక్టరువా నాయనా అని పేపర్ లాక్కుని వెళ్లిపోయింది. ఆవిడ కోపం నా మీద, నా కోపం మీ మీద, అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మకి 54 ఏళ్లు. జీడి పిక్కలు కొట్టడం, పప్పు పొట్టు తీయడం, 20 ఏళ్లు అదే పని. ఆరేళ్ల కిందట పొద్దున్న లేచేసరికి వేళ్లు బిగిసిపోవడం మొదలైంది, జడ వేసుకోలేదు, గ్లాసు పట్టుకోలేదు, తొమ్మిదీ పది అయితే గానీ చేతులు మాట వినవు. పని వల్లే అన్నారు అందరూ, వయసు అన్నారు, మేమూ అదే అనుకున్నాం. ఏడాది పాటు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు. ఉద్దానంలో కిడ్నీల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు గానీ నొప్పి బిళ్లలు అదేపనిగా మింగితే కిడ్నీకి దెబ్బ అన్నది మాత్రం తేలిన విషయమే, అయినా ఇక్కడ శనగపప్పు కొన్నట్టు కొనుక్కుంటాం వాటిని.

చివరికి దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు పోయి విశాఖలో చూపిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. అంటే అరుగుదల కాదు, ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన శక్తి తిరగబడి కీళ్ల లోపలి పొరని తినేస్తుందట, ఆడవాళ్లకి మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుందట. ఆలస్యం అయ్యేకొద్దీ వేళ్లు వంకరపోతాయి, అలా పోయినవి మందులతో మళ్లీ తిన్నగా రావు. మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. ఆ డాక్టర్ గారి మీద నాకు ఏ కంప్లైంటూ లేదు, బయట 70 మంది కూర్చుని ఉన్నారు పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు. ఏం తినాలి సార్ అంటే అన్నీ తినొచ్చమ్మా అన్నారు, అంతే, నెక్స్ట్ పేషెంట్.

సరిగ్గా ఇక్కడే మా కథ చెడింది. ఆసుపత్రిలో చెప్పని మాట చెప్పడానికి బయట వెయ్యి మంది రెడీగా ఉంటారు కదండీ. చుట్టాలొచ్చి పప్పు తింటే వాతం అన్నారు, వంకాయ వద్దన్నారు, గోంగూర పులుపు వద్దన్నారు, గుడ్డు వేడి అన్నారు, యూట్యూబ్‌లో ఒకాయన పాలు కూడా మానమన్నాడు. నాలుగు నెలల్లో మా అమ్మ కంచంలో మిగిలింది అన్నం, చారు. రక్తం పడిపోయింది, నడిస్తే ఆయాసం. ఈలోపు మాత్ర వేసి రెండు వారాలైనా నొప్పి తగ్గలేదని దాన్నీ పక్కన పెట్టేసింది. ఆ మాత్ర పని చూపించడానికి ఆరు నుంచి 12 వారాలు పడుతుందని మాకు తెలిస్తేగా.

అప్పుడు సంతలో పొడి అమ్మేవాడు దొరికాడు. రెండు రోజుల్లో నొప్పి మాయం, మా అమ్మ వాడికి దండం పెట్టింది. మూడు నెలలకి మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, లేని షుగర్ వచ్చింది. మళ్లీ విశాఖ పోతే అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారు అన్నారు, పైగా దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి వస్తుందని మెల్లమెల్లగా దింపారు. మీ పేపర్లో యాడ్ ఇచ్చిన పొడిలో ఏముందో నాకు తెలీదు, వాళ్ల సంగతి నేను మాట్లాడట్లేదు. కానీ 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో ఫలానా జబ్బులు నయం చేస్తామని యాడ్ ఇవ్వకూడదని ఒక లిస్టు ఉంది, అందులో కీళ్లవాతం కూడా ఉంది. యాడ్ అచ్చు వేసే పేపర్లకి కూడా అది వర్తిస్తుంది. మీకు తెలియదని నేను అనుకోను.

ఇంతా చెప్పి నేను తిండి, నడక, యోగా ఇవన్నీ దండగ అంటున్నానని అనుకోకండి. అసలు గొడవే అది, అవి పనికొచ్చేవే, కాకపోతే మాత్ర మానేసి కాదు మాత్రతో పాటు చేస్తేనే. మా అమ్మకి తేడా తెలిసింది ఒక ఫిజియోథెరపీ క్యాంపులో. అక్కడ ఒక అమ్మాయి ఓపిగ్గా కూర్చుని వేళ్లకి ఎక్సర్‌సైజులు నేర్పింది, గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి మెత్తటి స్పాంజి పిండడం, వేళ్లు ఒక్కోటీ బొటనవేలికి ఆనించడం, బల్ల మీద చెయ్యి పరిచి వేళ్లు లేపడం. నేను నవ్వుకున్నాను, 20 ఏళ్లు పిక్కలు కొట్టిన చేతికి ఇంకా ఎక్సర్‌సైజా అని. తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌లో 490 మంది మీద ఇలాంటి చేతి వ్యాయామాలే పరీక్షించి చూశారట, 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, మందులు వాడుతూనే ఇవి చేసినవాళ్లకి ఏడాది తర్వాత కూడా చేతులు మెరుగ్గా పనిచేశాయి. అమెరికా రుమటాలజీ డాక్టర్ల సంఘం కూడా 2022 గైడ్‌లైన్స్‌లో గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కదాన్నే, తిండి గురించి కొంచెం మెత్తగా చెప్పింది, సప్లిమెంట్ డబ్బాలు మాత్రం అక్కర్లేదంది. మా ఊళ్లో ఇప్పటికీ కీళ్లు నొప్పంటే కదలకుండా పడుకో అనే చెప్తారు. బాగా వాచి ఎర్రగా వేడిగా ఉన్నప్పుడు ఆ కీలుకి రెస్ట్ ఇవ్వాలి నిజమే, మిగతా రోజుల్లో పడుకుంటే కండ కరిగిపోయి ఇంకా బిగుసుకుపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి పరీక్షే ఇంకోటి చేశారు, 2023లో వచ్చింది, 83 మంది మీద 16 వారాలు. శాకాహారం, వ్యాయామం, టెన్షన్ తగ్గించుకోవడం అన్నీ కలిపి, మందులు మాన్పించకుండా. జబ్బు తీవ్రత బాగానే తగ్గింది. అన్నీ కలిపి చేశారు కాబట్టి తిండి వల్లా వ్యాయామం వల్లా అని విడదీసి చెప్పలేం, పైగా 83 మంది చిన్న లెక్కే. అందుకే కూరగాయలతో కీళ్లవాతం పోయింది అని ఎవడైనా వాట్సాప్‌లో పెడితే నమ్మకండి. తిండి విషయంలో అమెరికా వాళ్లు చెప్పింది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల పద్ధతి, కూరగాయలు, పప్పులు, ముడి ధాన్యాలు, చేపలు. ఆలివ్ నూనె మాకెక్కడిది గానీ మిగతాదంతా మా అమ్మ చిన్నప్పటి నుంచి తిన్నదే కదా, చోడి అంబలి, ఆకుకూర పప్పు, కవళ్ల చేపల పులుసు. వాతం పేరు చెప్పి మేం మాన్పించింది సరిగ్గా వాటినే.

ఇంకో మాట, ఇది మా ఉత్తరాంధ్ర వాళ్లకి మాత్రమే అర్థమవుతుంది. మా అమ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. విశాఖలో పొగ అలవాటుందా అని డాక్టర్ గారు అడిగారు, అడిగింది నన్ను! ఆడమనిషిని అడగాలని ఎవరికి తడుతుంది? పొగాకు ఈ జబ్బు తెప్పించే కారణాల్లో పెద్దది, పొగ తాగేవాళ్లకి మెథోట్రెక్సేట్ కూడా సరిగ్గా పనిచేయదట. అంటే ఇన్నాళ్లూ వారానికోసారి మాత్ర వేస్తూ రోజుకి నాలుగు చుట్టలతో దాన్ని ఆర్పుకుంటూ వచ్చామన్నమాట. ఇప్పుడు ఒకటికి వచ్చింది. పూర్తిగా మానేసిందని అబద్ధం చెప్పను, పెరట్లోకి వెళ్తే వాసన తెలుస్తుంది.

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్ద పెద్ద ఆసుపత్రులు కాదు. 30 ఏళ్లు దాటినోళ్లకి ఆశా, ఏఎన్ఎంలు ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు, మంచిదే. ఆ చూసేటప్పుడే పొద్దున్న లేవగానే వేళ్లు బిగిసిపోతున్నాయా, అరగంట దాటినా సర్దుకోవట్లేదా అని ఒక్క ప్రశ్న అడిగితే మా అమ్మ విషయంలో పోయిన ఆ ఏడాది ఇంకొకరికి పోదు. పెద్ద పీహెచ్‌సీల్లో వారానికి ఒక్క పూటైనా ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి. మందు కవర్ మీద తెలుగులో వారానికి ఒక్కసారే అని, ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు రాసివ్వాలి, ఎందుకంటే దీన్ని రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోతాయి, పోయినవాళ్లున్నారు. మందు పోయేది కిడ్నీల గుండానే, మా ప్రాంతంలో క్రియాటినిన్, అంటే కిడ్నీల రక్తపరీక్ష, చూడకుండా ఇది నడిపించకూడదు, లివర్ పరీక్ష కూడా అంతే. సారా, బ్రాందీ లాంటివి తాగే మగాళ్లకి లివర్ సంగతి విడిగా చెప్పాలి. పెళ్లీడు ఆడపిల్లలకి, పిల్లలు కావాలనుకుంటే ముందే ఈ మాత్ర ఆపి వేరేది మార్చుకోవాలని చెప్పాలి. ఈ మాటలు చెప్పడానికి స్పెషలిస్టే అక్కర్లేదు, నేర్పిస్తే నర్సమ్మ చెప్తుంది, మా జనం డాక్టర్ కన్నా నర్సమ్మ మాటే ఎక్కువ వింటారు కూడా.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ యాడ్ ఆపండి. కుదిరితే ఈ ఉత్తరాన్ని అది వచ్చిన పేజీలోనే వేయండి. ఆవిడ మళ్లీ షాపుకి వస్తే పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇస్తాను, డబ్బులు తీసుకోను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా