మంత్రి గారూ, ఫారంలో మాకో గడి పెట్టించండి

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటానండి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తా, వీడియో ఎడిటింగ్ కూడా చేస్తా, పదకొండేళ్ల నుంచి ఇదే పని. ఇక్కడి స్టూడియోల వాళ్లు, గుంటూరు తెనాలి వాళ్లు పెన్ డ్రైవ్‌లోనో లింకులోనో ఫోటోలు పంపిస్తారు, నేను షీటుకి ఇంత అని మాట్లాడుకుని చేసిస్తా, వాళ్లు ల్యాబ్‌లో ప్రింట్ వేయించి పార్టీకి, అంటే పెళ్లివాళ్లకి ఇచ్చుకుంటారు. ఆల్బమ్ మీద స్టూడియో పేరే ఉంటుంది, నా పేరు ఎక్కడా ఉండదు. దానికి నాకేం బాధ లేదు, అది చెప్పుకోవడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. నాలా ఉద్యోగం లేకుండా సొంతంగా ఇలాంటి పని చేసుకునేవాళ్లకి ప్రభుత్వ ఫారాల్లో ఒక చోటు, దాని వెనకాల కొంత అండ కావాలని రాస్తున్నా.

ముందు 2024 సెప్టెంబర్ 1 గురించి చెప్పాలి. బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చిన ఆదివారం. మాది గ్రౌండ్ ఫ్లోర్. నీళ్లు గుమ్మం దాటేసరికి ముందు అత్తయ్యని పైకి పంపించాం, తర్వాత పాపని, తర్వాత గ్యాస్ బండ, ఆ తర్వాత నా సీపీయూ గుర్తొచ్చింది, మంచం దాకా ఎక్కడొస్తాయిలే అనుకుని మంచం మీద పెట్టి మానిటర్ ఒక్కటీ పట్టుకుని మేడెక్కా. మానిటర్ ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు, అందులో అద్దం తప్ప ఏముంటుంది. నీళ్లు మంచం ముంచి కిటికీ దాకా వచ్చాయి. శ్రావణ మాసం పెళ్లిళ్ల సీజన్ కదండీ, సీపీయూలో రెండు పెళ్లిళ్ల డేటా ఉంది, ఒకదానికి స్టూడియో వాళ్ల దగ్గర కాపీ ఉంది, రెండో దానికి లేదు. ఆ పెళ్లికూతురు వాళ్లమ్మ ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను, మళ్లీ పెళ్లి చేయలేం కదమ్మా అంది.

నీళ్లు తీశాక నష్టం రాసుకోవడానికి ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు. ఇల్లు గ్రౌండ్ ఫ్లోరా, అయితే 25,000. బైక్ మునిగిందా, 3,000. ఆటో ఉందా, 10,000. షాపు ఉందా అని అడిగాడు. నా షాపు ఈ గదేనండి, కంప్యూటర్, రెండు హార్డ్ డిస్కులు, యూపీఎస్ అన్నీ పోయాయి అని చెప్పా. అతను మంచం వైపు చూసి ఇది బెడ్‌రూమ్ కదమ్మా అన్నాడు. అబద్ధం కాదు, బెడ్‌రూమే. ఇందులో గడి లేదమ్మా, నేనేం చేయను అన్నాడు. పాపం అతన్ని ఏమీ అనట్లేదు, అప్పటికే మోకాళ్ల దాకా బురద. వృత్తి దగ్గర ఏం రాస్తున్నాడా అని తొంగి చూస్తే గృహిణి అని నొక్కేశాడు.

ఇంటికి రావాల్సిన డబ్బులు వచ్చాయండి, కాదనను. కానీ ఆ గృహిణి అన్న మాట మాత్రం అలా ఉండిపోయింది. ఎందుకంటే నేను ఒక ఈవెంట్ ఏజెన్సీకి ఏడాదంతా వీడియోలు చేసిస్తే వాళ్లు 10 శాతం టీడీఎస్ కోసి మిగతాది వేశారు, ఆ కాగితంలో నేను ప్రొఫెషనల్‌ని. బ్యాంకుకి కంప్యూటర్ లోన్ కోసం వెళ్తే పే స్లిప్ ఏదీ అన్నారు, అక్కడ నేను నిరుద్యోగిని. పన్ను కోసేటప్పుడు ప్రొఫెషనల్, వరదొస్తే గృహిణి. ఎవరి ఫారంలో వాళ్లకి కావాల్సినట్టు ఉన్నా.

నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో మీరు ఒక్క సాయంత్రం తిరిగితే తెలుస్తుంది. గాంధీనగర్, గవర్నర్‌పేట సందుల్లో ఫ్లెక్సీ డిజైన్ చేసే పిల్లలు, డ్రోన్ ఆపరేటర్లు, లోకల్ యాడ్స్‌కి గొంతిచ్చే వాళ్లు, ఫంక్షన్ హాల్లో కీబోర్డు వాయించే వాళ్లు, ఇంట్లో కూర్చుని యూట్యూబ్ ఛానళ్లకి థంబ్‌నెయిల్స్ చేసే ఆడవాళ్లు. ఎవరికీ ఉద్యోగం లేదు, అలాగని ఎవరూ ఖాళీగానూ లేరు. ఆషాఢం వచ్చిందంటే మాకు జీతం లేని సెలవు, మూఢం వస్తే ఇంకా చెప్పక్కర్లేదు, శుక్రుడు ఎటు పోతే నాకేంటి అనుకునేదాన్ని చిన్నప్పుడు, ఇప్పుడు పంచాంగం నా కన్నా జాగ్రత్తగా చూసేవాళ్లు మా వీధిలో లేరు.

పని లేకపోవడం ఒకటి, చేసిన పనికి డబ్బులు రాకపోవడం ఇంకొకటి. పార్టీ ఇంకా ఇవ్వలేదమ్మా, ఇవ్వగానే వేసేస్తా అనేది మా ఫీల్డులో జాతీయ గీతం లాంటిది. పెళ్లయి పిల్ల పుట్టి బారసాల ఫోటోలు కూడా నా దగ్గరికి డిజైనింగ్‌కి వస్తాయి, పెళ్లి ఆల్బమ్ బ్యాలెన్స్ మాత్రం రాదు. ఇంకోటి చెప్తా, మీరు ఏమీ అనుకోకూడదు. 2024 ఎన్నికలప్పుడు మా వాళ్లు రాత్రుళ్లు నిద్ర లేకుండా రీల్స్, పాటలు, పోస్టర్లు చేశారు, జూన్ 4 రిజల్ట్ తర్వాత గెలిచిన వాళ్ల మనుషులు బిజీ అయిపోయారు, ఓడిన వాళ్ల మనుషులు ఫోన్ స్విచాఫ్ చేశారు. ఏ పార్టీ అని అడక్కండి, బాకీల్లో మాత్రం అందరిదీ కూటమే.

చట్టం లేదా అంటే ఉందండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న వ్యాపారాల చట్టం ప్రకారం చిన్న వ్యాపారికి 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఇవ్వకపోతే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. దానికి ఉద్యమ్ అని పేరు నమోదు చేసుకోవాలి, ఆ రిజిస్ట్రేషన్ ఫ్రీ, సేవలు అందించే వాళ్లు కూడా చేసుకోవచ్చు, మా ఫ్రెండ్ ఒకతనికి ఈ మాట చెప్తే ఉద్యమం అంటే నేను రాను, నాకు పెళ్లాం పిల్లలున్నారు అన్నాడు. సరే చేసుకున్నాం, నేను కూడా చేసుకున్నా. కానీ ఈ బాకీల గొడవలు తేల్చే కౌన్సిల్‌కి వెళ్లి కంప్లైంట్ పెట్టాలంటే బిల్లు కావాలి, ఆర్డర్ కాగితం కావాలి. మా ఆర్డర్ అంతా వాట్సాప్‌లో అక్కా అర్జెంట్ అనే వాయిస్ మెసేజ్. అది చూపించినా, ఒక స్టూడియో ఓనర్ మీద కంప్లైంట్ పెట్టిన మర్నాడు ఊళ్లో మిగతా ఓనర్లందరికీ నా పేరు తెలిసిపోతుంది, 8,000 బాకీ కోసం ఏడాది పని పోగొట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి. అదే ఒక సంఘం వెళ్లిందనుకోండి, సంఘం పేరే బయటికొస్తుంది, నా పేరు రాదు. అందుకే కదా సంఘాలు పుట్టింది.

మరి మీరే పెట్టుకోవచ్చు కదా సంఘం అంటారేమో. బెజవాడలో సంఘం పెట్టడం ఎవరికీ నేర్పక్కర్లేదండి, ప్రతి ఆటో స్టాండుకీ ఒక బోర్డు, ఒక జెండా ఉంటాయి, వన్ టౌన్‌లో బస్తాలు మోసే ముఠా కార్మికుల దగ్గర్నుంచి నేర్చుకున్న ఊరిది. ఫోటోగ్రాఫర్లకి సంఘాలున్నాయి, ఆగస్టు 19న కెమెరాకి దండేసి రక్తదానం పెట్టుకుంటారు, ఎవరైనా పోతే చందాలు వేసుకుంటారు. మాకొచ్చిన ఇబ్బంది ఏంటంటే మాకు స్టాండు లేదు. ఎవరి గదిలో వాళ్లం. పదేళ్లు ఒకే స్టూడియోకి చేసిన ఇద్దరు ఎడిటర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఆ ఓనర్ వాళ్ల నాన్నగారి దినానికి వెళ్తే పరిచయమయ్యారు. పైగా సంఘంలో చేరితే ఏమొస్తుంది అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న, జెండా తప్ప ఏమీ రానప్పుడు నెలకి 100 రూపాయలు ఎవరిస్తారు.

వేరే చోట్ల ఏం వస్తుందో చూశా. ఇంగ్లండ్‌లో మ్యుజీషియన్స్ యూనియన్ మెంబర్‌షిప్ తీసుకుంటే 2,000 పౌండ్ల దాకా వాయిద్యాలకి, ఎక్విప్‌మెంట్‌కి ఇన్సూరెన్స్ అందులోనే వస్తుంది. ఇది చదివినప్పుడు నాకు మంచం మీద పెట్టిన సీపీయూ గుర్తొచ్చింది. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఒక చట్టం ఉంది, దాని పేరే ఫ్రీలాన్స్ అంటే ఫ్రీ కాదు అని, ఫ్రీలాన్స్ అంటే మాలాగా ఉద్యోగం కాకుండా సొంతంగా చేసే పని, 800 డాలర్లు, ఆ పైన ఉన్న పనికి కాగితం రాసుకోవాల్సిందే, డబ్బిచ్చే తేదీ రాసుకోకపోతే పని అయిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వాల్సిందే, ఎగ్గొడితే రెట్టింపు కట్టాలి. జర్మనీది ఇంకా నచ్చింది. అక్కడ 1983 నుంచి కళాకారులకి, రాసేవాళ్లకి ఒక సామాజిక బీమా ఉంది, ఆరోగ్యానికీ పెన్షన్‌కీ కట్టాల్సిన దాంట్లో సగం కళాకారుడు కడతాడు, మిగతా సగంలో 20 శాతం ప్రభుత్వం, 30 శాతం వీళ్ల చేత పని చేయించుకునే కంపెనీలు. అంటే పని చేయించుకున్నవాడు జీతం ఇచ్చే యజమాని కాకపోయినా చేతులు దులుపుకోవడానికి లేదు.

అది జర్మనీ అమ్మా అనకండి, ఇక్కడ మనం చేస్తున్నదే అది. బిల్డింగ్ కట్టేవాడి దగ్గర 1 శాతం సెస్సు తీసుకుని భవన నిర్మాణ కార్మికుల బోర్డుకి ఇస్తున్నారు, 1996 చట్టంతో మొదలైన పద్ధతి అది. ఆ మేస్త్రీకి కూడా పర్మినెంట్ ఓనర్ ఎవరూ లేరు, ఇవాళ ఈ బిల్డింగ్ రేపు ఆ బిల్డింగ్, మాకు ఇవాళ ఈ పెళ్లి రేపు ఆ పెళ్లి. లాయర్లు వకాలత్ మీద అతికించే సంక్షేమ నిధి స్టాంపు కూడా అలాంటిదే. డప్పు కళాకారులకి నెలకి 4,000 పెన్షన్ ఇస్తున్నారు, చాలా మంచి పని, కళ కూడా కష్టమే అని ఒప్పుకున్నట్టే కదా అది. 2025 అక్టోబర్ 4న మా సింగ్ నగర్ స్టేడియంలోనే ఆటో డ్రైవర్లకి 15,000 ఇచ్చే పథకం మొదలుపెట్టారు, మా తమ్ముడికి కూడా వచ్చింది. వాడికి లైసెన్సు ఉంది, బండి నంబరు ఉంది, ప్రభుత్వం వాడిని చూడగలదు. నా దగ్గర అలాంటిదేదీ లేదు.

అసంఘటిత కార్మికులకి కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉంది కదా అంటారు. ఉంది, 12 అంకెల నంబర్ వచ్చింది. అందులో గడి ఉంది గానీ గడి వెనకాల ఏమీ లేదు.

కేంద్రం తెచ్చిన కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్, అంటే కార్మికుల సామాజిక భద్రత చట్టం, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గిగ్ వర్కర్ అంటే మామూలు యజమాని ఉద్యోగి సంబంధం బయట పని చేసేవాడు అని రాశారు, అంటే అచ్చంగా నేనే. చదివి సంతోషపడ్డా. కింద చదివితే నిధికి డబ్బు ఇవ్వాల్సింది అగ్రిగేటర్లు, అంటే యాప్‌లో పని ఇప్పించే కంపెనీలు, టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం. ఆ అగ్రిగేటర్ల షెడ్యూల్లో కంటెంట్, మీడియా సేవలు అని కూడా ఉంది, కానీ యాప్ ద్వారా పని వచ్చేవాళ్లకే అది. మా పని స్టూడియో నుంచి వస్తుంది, బావగారి ఫ్రెండ్ నుంచి వస్తుంది. పేరులో ఉన్నాం, పంపకంలో లేం. అయితే అదే కోడ్‌లో అసంఘటిత కార్మికుల కోసం రాష్ట్రాలు సొంతంగా స్కీములు పెట్టుకోవచ్చని ఉంది, పీఎఫ్, పనిలో దెబ్బలకి సాయం, పిల్లల చదువు అన్నీ రాశారు, దానికి రాష్ట్ర బోర్డు ఉంటుంది, ఆ బోర్డుకి చైర్మన్ కార్మిక శాఖ మంత్రే. అందుకే ఈ ఉత్తరం ఇంకెవరికో కాకుండా మీకు రాస్తున్నా.

నేను అడిగేది ఏంటంటే, సచివాలయం రికార్డుల్లో సొంతంగా సృజనాత్మక పని చేసుకునేవాళ్లు అని ఒక వృత్తి పెట్టండి, పేరు మీకు తోచింది పెట్టుకోండి, మేం ఎంతమందిమో ముందు లెక్క తేలుతుంది. మేం కూడా నెలనెలా కడతాం, ఊరికే ఇమ్మనట్లేదు, దానికి మీరు కొంత కలిపి పనిముట్లకి ఇన్సూరెన్స్, ఆస్పత్రి, కాన్పు అప్పుడు రెండు మూడు నెలలు ఇల్లు గడిచే సాయం వచ్చేలా ఒక నిధి పెట్టండి. మా పాప పుట్టిన పదకొండో రోజున నేను ఒళ్లో దాన్ని పడుకోబెట్టుకుని షీట్లు చేశా, గొప్ప కోసం చెప్పట్లేదు, ఆ స్టూడియోకి అర్జెంటు, నాకు అంతకన్నా అర్జెంటు. బాకీల కోసం లేబర్ ఆఫీసులో ఒక టేబుల్ చాలు, వాట్సాప్ మెసేజ్‌నే ఆర్డర్ కింద తీసుకుని ఆ ఓనర్‌ని పిలిచి మాట్లాడే మనిషి ఒకరు కావాలి. తెలుగులో ఒక పేజీ అగ్రిమెంట్ నమూనా కూడా తయారు చేయించండి, అడ్వాన్స్ ఎంత, మార్పులు ఎన్నిసార్లు, బ్యాలెన్స్ ఎప్పుడు, హక్కులు ఎవరివి అనే నాలుగు ముక్కలుంటే చాలు. కాపీరైట్ చట్టంలో డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే అని ఉంది, లోగో గీసినవాడి హక్కు మాత్రం రాసిస్తేనే మారుతుంది. ఈ తేడా గీసేవాళ్లకీ తెలీదు గీయించుకునేవాళ్లకీ తెలీదు.

ఇంకొకటి, దీనికి మీరు కేంద్రం వైపు చూడక్కర్లేదు. పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో షో చేసినప్పుడు రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. ఇలాంటి పెద్ద పెద్ద సభలకి వీడియోలు, స్టేజీ గ్రాఫిక్స్, యాంకరింగ్ అంతా ఏజెన్సీకి ఇస్తారు, ఏజెన్సీ ఇంకొకరికి, వాళ్లు ఇంకొకరికి, చివర్లో చేసేది మా లాంటి వాళ్లమే. టెండర్ కాగితంలో కింద పని చేసిన వాళ్లకి 45 రోజుల్లో డబ్బు చెల్లించినట్టు రుజువు చూపిస్తేనే ఆఖరి బిల్లు పాస్ చేస్తాం అని ఒక లైన్ రాయించండి. ఖర్చు లేని పని అది.

మాట్లాడటానికి పిలిస్తే పది పదిహేను మందిమి వస్తాం, నేను అందరికీ ఫోన్లు చేసి పోగేస్తా, డ్రోన్ అతన్ని, గొంతిచ్చే అమ్మాయిని, కీబోర్డు మాస్టారిని. మాఘంలో, వైశాఖంలో మాత్రం పిలవకండి, అప్పుడు మాకు అన్నం తినే టైమ్ కూడా ఉండదు. ఆషాఢంలో ఏ రోజైనా ఏ టైమైనా పర్లేదండి, అందరం ఇళ్లలోనే ఉంటాం.

ఇట్లు,
సింగ్ నగర్ నుంచి ఒక ఆల్బమ్ డిజైనర్
(మీ రికార్డుల ప్రకారం గృహిణి)