చేదు మందుతో పాటు దాని కొలత కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం ఆరోగ్యం పేజీలో వానాకాలపు చేదు కషాయం గురించి వచ్చిన చిన్న వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. గుప్పెడు తిప్పతీగ, గుప్పెడు నేలవేము నీళ్లలో మరిగించి ఇంటిల్లిపాదీ రోజూ పరగడుపున తాగితే అరుగుదల బాగుపడుతుందని, రోగనిరోధక శక్తి పెరుగుతుందని అందులో ఉంది. ఎవరి గుప్పెడు? పచ్చి తీగా, ఎండు ముక్కలా? ఎన్నాళ్లు తాగాలి? ఎవరు తాగకూడదు? ఒక్క ప్రశ్నకూ అందులో జవాబు లేదు. మర్నాడు కొట్టు తెరిచేసరికే ఆ కాగితం ముక్క పట్టుకుని మనుషులు వచ్చేశారు.

రాజమహేంద్రవరంలో మా మామగారి కాలం నుంచి మూలికల కొట్టు నడుపుతున్నాం. చేదు దినుసులు అమ్ముకునే బతుకుతున్నాం. అవి పనిచేస్తాయని నాకు గట్టి నమ్మకం. పనిచేసే మందు కాబట్టే దానికి కొలత ఉండాలంటాను.

ఆ రోజు వచ్చినవారిలో ఒక పెద్దాయన రెండు దినుసులూ అరకిలో చొప్పున కట్టమన్నారు. ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే పొద్దునా రాత్రీ షుగరు మాత్రలు వేసుకుంటానన్నారు. తిప్పతీగకూ నేలవేముకూ చక్కెరను తగ్గించే గుణం ఉంది. మాత్రలకు ఇవి కూడా తోడైతే చక్కెర ఉండవలసినదానికన్నా దిగిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మనిషి కూలబడే ప్రమాదం ఉంది. ముందు మీ డాక్టరుగారిని అడిగి రండి, తరువాత ఇస్తానన్నాను. ‘పేపర్లో వేశారు కదమ్మా!’ అన్నారు ఆయన. మీరు అచ్చు వేసే మాటకు జనం ఇచ్చే విలువ అంతటిది.

చరక సంహిత చేదును ఎంత మెచ్చుకుందో అంత హెచ్చరించింది కూడా. తిక్తరసం, అంటే చేదు రుచి, తాను రుచించకపోయినా అరుచిని పోగొడుతుందని, ఆకలి పుట్టిస్తుందని, అరగనిదాన్ని అరిగిస్తుందని, జ్వరాన్ని, క్రిములను అణుస్తుందని సూత్రస్థానంలో ఉంది. మన ఆరోగ్య వ్యాసాలన్నీ అక్కడితో ఆగిపోతాయి. ఆ వెంటనే ఉన్న మాట ఎవరూ రాయరు. చేదును అతిగా వాడితే దాని రూక్ష గుణం (ఎండగట్టే గుణం) వల్ల ఒంటిని నిలిపే రసం, రక్తం మొదలైన ధాతువులన్నీ ఎండిపోతాయని, బలం తగ్గి మనిషి చిక్కిపోతాడని, నోరు ఎండుతుందని, వాత రోగాలు వస్తాయని చరకుడే చెప్పాడు. మెప్పు తీసుకుని హెచ్చరిక వదిలేస్తే దాన్ని ఆయుర్వేదం అనలేం.

ఇక్కడ తిప్పతీగకు న్యాయం చేయాలి. అన్ని చేదుల్లోనూ దానికి వేరే స్థానం ఉంది. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాల్లో, అంటే బుద్ధికి బలమిచ్చే మందుల్లో, తిప్పతీగ రసం ఒకటి. రసాయనంగా వాడేటప్పుడు కూడా మనిషి వయసు, బలం, జీర్ణశక్తి చూసే ఇస్తారు. మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం భారత ఆయుర్వేద ఫార్మకోపియా దాని కాండం చూర్ణానికి 3 నుంచి 6 గ్రాములు, కషాయం కాచడానికి దినుసు 20 నుంచి 30 గ్రాములు అని మోతాదు నిర్ణయించింది. కషాయం కాచే పద్ధతికి కూడా లెక్క ఉంది: కచ్చాపచ్చాగా దంచిన దినుసుకు 16 రెట్ల నీళ్లు పోసి, సన్నని సెగ మీద ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించి వడకట్టాలి. ఇవన్నీ రాయడానికి రెండు వాక్యాలు చాలవా?

అసలు మొక్క ఏదో పోల్చుకోవడం ఇంకా ముఖ్యం. తిప్పతీగ పైపొర కాగితంలా లేస్తుంది. గోటితో గీకితే కింద ఆకుపచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. కాయలు గుండ్రంగా, పండితే ఎర్రగా, గుత్తులుగా ఉంటాయి. దీన్ని పోలినదే టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగ. దాని కాండం బూడిద రంగులో, ఒళ్లంతా బుడిపెలతో ఉంటుంది, కోస్తే పాలు కారతాయి. ముంబైలో 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని వైద్యులు ఒక పత్రికలో నివేదించారు. ఆ మొక్కను సరిగా నిర్ధారించలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. క్రిస్పాతో పొరపడవద్దని తరువాత అదే శాఖ హెచ్చరించింది. ఎవరి వాదన ఎటు తేలినా కాలేయం జబ్బు ఉన్నవారు, ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు. రోగనిరోధక శక్తిని పెంచుతుందన్న మాట వీళ్లకు వరం కాదు.

ఒకదాని బదులు మరొకటి రావడంలో నేలవేముదీ ఇదే కథ. జ్వరానికి ఇచ్చే సుదర్శన చూర్ణంలో మిగతా దినుసులన్నిటి బరువులో సగం పడే కిరాతతిక్తం హిమాలయాల మొక్క, స్వెర్షియా చిరాయితా. దక్షిణాదిలో దాని స్థానంలో నేలవేము కట్టి ఇవ్వడం ఏనాటి నుంచో ఉంది. రెండూ చేదే, రెండూ జ్వరానికి వాడేవే, కానీ వేర్వేరు కుటుంబాల మొక్కలు. గర్భిణులు, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు నేలవేముకు దూరంగా ఉండాలి. కటుకరోహిణి అనే మరో చేదు మూలిక అయితే కాస్త ఎక్కువైతే చాలు, విరేచనాలు పట్టుకుంటాయి. పసిపిల్లలకు వేపనూనె తాగించే అలవాటు ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే ఈ రోజే మానేయాలి. కొద్ది మిల్లీలీటర్లకే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

వంటింటి చేదుకు ఇంత పట్టింపు అక్కర్లేదు. చైత్రంలో ఎండబెట్టి దాచుకున్న వేపపువ్వు నేతిలో వేయించి చారులో వేసుకోండి, కాకరకాయ పులుసు పెట్టుకోండి. నోరు ఎంత ఒప్పితే అంతే తింటాం. సీసాలో పోసుకుని కళ్లు మూసుకుని గటగటా తాగే కషాయానికి ఆ అడ్డు లేదు.

అందుకే అడుగుతున్నాను. మూలిక గురించి వేసే ప్రతి వ్యాసంలోనూ దాని శాస్త్రీయ నామం, వాడవలసిన భాగం, మోతాదు, ఎన్ని రోజులు, ఎవరు వాడకూడదు అన్నవి తప్పకుండా ఉండాలి. రిజిస్టరైన ఆయుర్వేద వైద్యుల చేత చదివించాకే అచ్చుకు పంపండి. మొన్నటి వ్యాసానికి సవరణ వచ్చే ఆదివారమే, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. పక్కన తిప్పతీగ కాండం కోసి తీసిన ఫొటో వేస్తే పాఠకులకు పోల్చుకోవడం సులువవుతుంది. మీ ఫొటోగ్రాఫరు ఎప్పుడు వచ్చినా పచ్చి తీగ తెప్పించి ఇస్తాను.

ఇట్లు,
ఒక మూలికల కొట్టు యజమానురాలు,
రాజమహేంద్రవరం