రాత్రిపూట సిస్టర్ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో ఈ మధ్య వృద్ధాశ్రమాల ప్రకటనలు ఎక్కువయ్యాయి. కొండ కనబడే గదులు, సాత్విక భోజనం, లిఫ్టు, తెల్లవారుజామున సుప్రభాతం. అన్నిటి కిందా ‘24 గంటల నర్సింగ్ సేవ’ అని ఒక ముక్క. పోయేలోపు కొన్నాళ్లు స్వామి పాదాల దగ్గర ఉంటారని, బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను తెచ్చి తిరుపతిలో చేరుస్తున్నారు. తప్పుపట్టను. మా అక్కనూ మేం అలాగే చేర్చాం. కాకపోతే నేను ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైన మనిషిని. ఆ చివరి ముక్క చదివి ఊరుకోలేకపోతున్నాను.

అక్క ఉండేచోట పగలు జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివిన అమ్మాయి ఒకతె వస్తుంది. చురుకైన పిల్ల. సాయంత్రం ఆరింటికి ఆమె వెళ్లిపోతే, నలభై మంది పెద్దవాళ్లకు ఇద్దరు ఆయమ్మలు, గేటు దగ్గర ఒక వాచ్‌మన్. అంతే. ఆ ఆయమ్మలకే తెల్లకోటు తొడిగి ‘సిస్టర్’ అని పిలిపిస్తారు. వీడియో కాల్‌లో ఆ కోటు చూసి పిల్లలు నిశ్చింతగా పడుకుంటారు. ఆయమ్మల మీద నాకు కోపం లేదు. గుడ్డలు మార్చేదీ, ఒళ్లు తుడిచేదీ, బతిమాలి నాలుగు ముద్దలు తినిపించేదీ వాళ్లే. నేర్పని పని వాళ్లచేత చేయించే యాజమాన్యం మీదే కోపం.

ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మన దగ్గర మామూలుగా సీసాలో వచ్చేది మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులా ఉండే ఇంజెక్షన్ కార్ట్రిడ్జ్‌లో వచ్చేది 100 యూనిట్లు. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజరంగు మూత సిరంజి. పెన్ను మందును ఎర్రమూత సిరంజిలోకి లాగితే, గీత 20 దగ్గరే ఉంటుంది, కానీ అది అర మిల్లీలీటరు కాబట్టి ఒంట్లోకి 50 యూనిట్లు పోతాయి. అక్క పక్కగది పెద్దావిడకు ఒకరాత్రి పెన్ను పనిచేయలేదని సరిగ్గా ఇలాగే వేశారు. ఆమె ఆ పూట అన్నం సరిగా తినను కూడా లేదు. చెమటలు పోస్తుంటే ఫ్యాను పెంచారు. పిలిస్తే పలక్కపోతే నిద్రపోతోందనుకున్నారు. పొద్దున్నే జీఎన్‌ఎం పిల్ల వచ్చి గ్లూకోమీటరు పెడితే అంకె కూడా రాలేదు, షుగరు కొలవలేనంత పడిపోయిందని ‘లో’ (Low) అని చూపించింది. ఆసుపత్రికి తీసుకుపోయి గ్లూకోజు ఎక్కించారు. ప్రాణం నిలిచింది గానీ, ఆమె ఇప్పుడు సొంత కూతురినే గుర్తుపట్టడం లేదు. సూదేసిన ఆయమ్మను అడిగితే, “మేనేజరు సారు ఫోన్లో ఎయ్యమన్నాడు, ఏసినానక్కా. గీత ఇరవై కాడికే కదా లాగినా” అని ఏడ్చింది.

ఆమె చెప్పింది నిజమే. ఆ గీత వెనక లెక్క ఉందని ఆమెకు ఎవరు నేర్పారు? వయసు మళ్లినవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకపోవచ్చు, ఉన్నట్టుండి మాట తడబడి, మనుషుల్ని పోల్చుకోలేకపోవచ్చు. ముక్కులో పైపు ఉన్నవాళ్లకు పైపు కడుపులోనే ఉందో లేదో చూసుకుని, తల ఎత్తిపెట్టి పాలు పోయాలి, లేదంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇవి కనిపెట్టడానికే మాకు మూడేళ్లు, నాలుగేళ్లు చదువు చెప్పేది.

మా చిన్నమ్మాయి ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఇలాంటి హోములోనే నర్సు. అక్కడా మొదటినుంచీ అంతా బాగుందని కాదు. నిర్లక్ష్యం మీద గోల లేచి ప్రభుత్వం రాయల్ కమిషన్ అనే విచారణ సంఘాన్ని వేస్తే, 2021లో తుది నివేదిక వచ్చింది. 2023 జూలై 1 నుంచి ప్రభుత్వ నిధులు అందుకునే హోముల్లో రాత్రీ పగలూ ఒక రిజిస్టర్డ్ నర్సు ఉండి తీరాలన్నారు. 2024 అక్టోబరు నుంచి సగటున మనిషికి రోజుకు 215 నిమిషాల సేవ, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సు చేతిమీదుగా. అమెరికాలో 1987 చట్టం ప్రకారం రిజిస్టర్డ్ నర్సు రోజుకు ఎనిమిది గంటలు ఉంటే చాలు. దాన్ని 24 గంటలు చేస్తూ 2024లో నిబంధన తెస్తే, యాజమాన్యాలు కోర్టుకెళ్లి మరుసటేడే కొట్టేయించుకున్నాయి.

మనకు 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం ఉంది. జిల్లాకొక ఆశ్రమం, 150 మంది నిరుపేదలకు చోటు అంటుంది. ఎంతమందికి ఎంతమంది నర్సులో అందులో లేదు. హోములన్నీ రిజిస్టరు కావాలంటూ 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాకుండానే పోయింది.

నర్సులు దొరకడం లేదన్నది యజమానుల పాట. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చదివిన పిల్లలు బెంగళూరు, చెన్నై బస్సులు ఎందుకు ఎక్కుతున్నారో వాళ్లకు తెలియదా? పన్నెండు వేలకు రాత్రి డ్యూటీ ఎవరు చేస్తారు? రాత్రికి ఒకరు, సెలవుకు మార్చుకోవడానికి ఇంకొకరు, పాతికవేల చొప్పున ఇస్తే నెలకు యాభై వేలు. నలభై మంది మీద తలా 1,250 రూపాయలు. అక్క దగ్గర ఏసీకి అంతకంటే ఎక్కువే తీసుకుంటున్నారు. చందాలతో పదిహేనుమంది అనాథ వృద్ధులకు అన్నం పెట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్లను మూయించమని నేననను. ఆస్ట్రేలియాలోనూ మారుమూల చిన్న హోములకు కొంత మినహాయింపు ఇచ్చారు. అలాంటిచోటికి ప్రభుత్వమే పీహెచ్‌సీ నుంచి మనిషిని పంపాలి. నెలనెలా వేలకు వేలు వసూలు చేసేవాళ్లకు మాత్రం ఏ మినహాయింపూ వద్దు.

కొత్త చట్టం వచ్చేదాకా కలెక్టరుగారు ఒక్క పని చేయించవచ్చు. ప్రతి హోము గేటు దగ్గరా ఒక బోర్డు: ఈ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు పేరు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. ఆర్డీవో కార్యాలయం వాళ్లు అప్పుడప్పుడు రాత్రి పదకొండుకు వెళ్లి సరిచూస్తే చాలు. దూరాన ఉన్న పిల్లలూ ఈసారి ఆ వేళకే వీడియో కాల్ చేసి, కోటు వేసుకున్న మనిషిని నంబరు అడగండి.

మా అక్క ఇంకా అక్కడే ఉంది. దయచేసి నా పేరు వేయకండి.

— ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి