2024–25 వార్షిక నివేదిక: హాలు తాళాలు అడిగిన పిల్లలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంఘం చేసిన పనుల్లో చాలావరకు మీ కళ్లముందు జరిగినవే. డ్రైనేజీ మూతలు మార్చాం, పార్కులో లైట్లు వేయించాం, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు తెప్పించాం. వినాయక చవితి ఎప్పటిలాగే మట్టి విగ్రహంతో జరిగింది. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈసారి ఎక్కువ చోటు ఒకే విషయానికి ఇస్తున్నాను. కార్యదర్శిగా నాకు ఇంత సంతోషం ఇచ్చిన పని ఇంకొకటి లేదు.

జూన్ మొదట్లో ఐదుగురు పిల్లలు కమ్యూనిటీ హాలు తాళాలు అడగడానికి వచ్చారు. బీటీఎస్ అనే కొరియా పాటల బృందం 2013 జూన్ 13న తొలిసారి జనం ముందుకు వచ్చింది, ఈసారి జూన్ 13 సాయంత్రం అందరం కలిసి పాటలు వింటాం అన్నారు. కమిటీలో వాదన జరిగింది. అర్థం కాని పాటలకు హాలెందుకు, అసలే పుస్తకం పట్టరు అని కొందరు అడ్డుచెప్పారు. మొదట నేనూ అదే అన్నాను. చివరికి ఒక షరతు మీద ఇచ్చాం: ఆ బృందం గురించి ఎవరైనా ఒకరు పెద్దల ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి.

పదో తరగతిలోకి వస్తున్న ఒక అమ్మాయి మాట్లాడింది. ఆమె, వాళ్లమ్మ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. బృందం నాయకుడు ఆర్‌ఎం, అసలు పేరు కిమ్ నామ్‌జూన్, సియోల్ దగ్గర ఇల్సాన్‌కు చెందినవాడు. అమ్మ కొనిచ్చిన ‘ఫ్రెండ్స్’ సీరియల్ డీవీడీలు చూస్తూ ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. మొదట కొరియన్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, తర్వాత ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో, ఆ తర్వాత ఏవీ లేకుండా చూశాడు. 2018 సెప్టెంబరు 24న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితిలో జరిగిన యూనిసెఫ్ కార్యక్రమంలో బృందం తరఫున మాట్లాడిందీ ఆయనే. తొమ్మిది, పదేళ్ల వయసులో ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న ఆలోచనలో పడి తన గొంతు తనే మూసేసుకున్నానని అక్కడ చెప్పాడు.

ఈ మాట దగ్గర ఆ అమ్మాయి కాసేపు ఆగింది. ఎందుకో తర్వాత వాళ్లమ్మ చెప్పారు. క్లాసులో ఇంగ్లిష్ పాఠం పైకి చదవమంటే ఆమెకు చెమటలు పట్టేవి. ఆ టెన్షన్‌తో కడుపునొప్పి అని బడి మానేసిన రోజులూ ఉన్నాయట. ఆర్‌ఎం ప్రసంగాన్ని కాగితం మీద రాసుకుని వంటింట్లో అమ్మకు రోజూ చదివి వినిపించడం మొదలుపెట్టింది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. అందుకే ఎక్కడ తప్పుపోయినా నవ్వేవాళ్లు లేరు. ఆగస్టు 15న మన జెండా వందనంలో రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడిన పాప ఈమే.

అక్కడి నుంచి ఆదివారం తరగతులు మొదలయ్యాయి. పాటలు కొరియా లిపిలోనే చదవాలని పిల్లలకు పట్టుదల వచ్చింది. ఆన్‌లైన్ పాఠాలు చూసి బోర్డు మీద వాళ్లే రాసుకునేవాళ్లు. మన కాలనీలో ఉండే రిటైర్డ్ తెలుగు సారు ఒక ఆదివారం ఊరికే చూద్దామని వచ్చి, ఆ తర్వాత ఒక్క వారమూ మానలేదు. కారణం ఆయన మాటల్లోనే తెలిసింది. కొరియా లిపి హాంగుల్‌ను సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించాడు. ఇప్పుడు వాడే మూల అక్షరాలు 24. హల్లుల ఆకారం నోట్లో నాలుక, పెదవులు, గొంతు ఉండే తీరును బట్టి పెట్టినది. సారు వెంటనే మన కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు బోర్డు మీద రాశారు. ఆ పేర్లు వర్ణమాలలో కంఠతా పట్టిన పిల్లలకు, క పలికేటప్పుడు నాలుక ఎక్కడుంటుందో ఆ రోజే తెలిసింది. వర్ణమాలలో రాసి వదిలేసే ‘ఙ’ కొరియన్‌లో అడుగడుగునా వినిపిస్తుంది. మనం గుణింతం కట్టి కింద వత్తు పెట్టినట్టే, వాళ్లూ హల్లు, అచ్చు కలిపి కింద ఇంకో హల్లు పేరుస్తారు.

వాక్యం కట్టే తీరు తెలుగుకు మరీ దగ్గర. ‘నేను పుస్తకాన్ని చదువుతాను’ అన్న వరుసలోనే వాళ్లూ అంటారు, క్రియ చివర్లోనే వస్తుంది. మన ద్వితీయా విభక్తి ‘ని’ లాంటి ప్రత్యయం వాళ్లకూ ఉంది. పెద్దలతో మాట్లాడేటప్పుడు మనం ‘అండి’ చేర్చినట్టు వాళ్లు చివర ‘యొ’ చేరుస్తారు. మన హిందూపురం, మడకశిర వైపు లాగే నాన్నను ‘అప్పా’ అంటారు. ఇంతమాత్రాన రెండూ ఒకే కుటుంబం భాషలని చెప్పలేమని సారు గట్టిగా హెచ్చరించారు. అయినా ద్వితీయా విభక్తి ఏమిటో కొరియన్ పాట వల్ల అర్థమైందని ఎనిమిదో తరగతి బాబు చెబితే సారు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అంతా సాఫీగా జరగలేదు. అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తున్నారని, ఆ గాయకుల ఫొటో కార్డుల కోసం డబ్బులు అడుగుతున్నారని తల్లిదండ్రులు వచ్చి చెప్పారు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. పిల్లలతో కూర్చుని మాట్లాడి, తరగతి జరిగినంతసేపూ ఒకే ఫోన్, అదీ సారు చేతిలో అని ఒప్పందం చేసుకున్నాం. మొదట్లో పిల్లల మీద కోప్పడిన కమిటీ, అంటే మేము, ఈ పని ముందే చేయాల్సింది. జనవరిలో పదో తరగతి పిల్లలు తామే ఆదివారాలు మానేశారు. మార్చి 17న పరీక్షలు మొదలయ్యే దాకా హాలును రాత్రి తొమ్మిది వరకు వాళ్ల చదువుకు తెరిచి ఉంచాం.

కొందరు సభ్యులు ఉద్యోగాల గురించి అడిగారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది, మన జిల్లాల్లో కొరియన్ వచ్చినవాళ్లతో పని ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో కొరియన్ చెబుతారు. కొరియన్ ఎంత వచ్చో చూసే టోపిక్ అనే పరీక్షలో ఆరు స్థాయిలున్నాయి. మొదటి రెండు స్థాయిల పేపరులో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి, 200 మార్కుల్లో 80 వస్తే మొదటి స్థాయి. మన పిల్లలు ఇంకా ఎవరూ రాయలేదు. వాళ్లు రాస్తామన్నప్పుడు ఫీజులో కొంత సంఘం ఇవ్వాలని నా ప్రతిపాదన. ఉద్యోగం వస్తుందని మాత్రం ఏ పిల్లకూ మనం మాట ఇవ్వకూడదు.

రాబోయే ఏడాదికి రెండు అవసరాలు. ఇంట్లో వాడని ఇంగ్లిష్, తెలుగు నిఘంటువులుంటే హాలులోని అలమరాకు ఇవ్వండి. రెండోది, సారు మోకాలి ఆపరేషన్‌కు వెళ్తున్నారు. ఆయన తిరిగి వచ్చేవరకు ఆదివారం ఉదయం పది నుంచి పదకొండున్నర దాకా తాళం తీసి పిల్లలతో కూర్చునే పెద్దవాళ్లు ఒకరు కావాలి. కొరియన్ రావాల్సిన పని లేదు. వీలున్నవారు సర్వసభ్య సమావేశం రోజు నాకు పేరు ఇవ్వగలరు.

కార్యదర్శి